సగం గుర్తున్న బడిపాట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 1976–77 ప్రాంతంలో రెండో తరగతి చదివాను. మా టీచరు సగం మంది పిల్లల చేత ప్రశ్న అడిగించి, మిగతా సగం చేత జవాబు చెప్పించేవారు. “వర్షాలు కురిసేది ఎందుకురా? చెరువులు నిండేటందుకురా” అన్న ఒక్క ముక్కే గుర్తుంది. మొదలూ తెలియదు, చివరా తెలియదు. మనవరాలికి నేర్పాలని ఉంది. ఇది ఏ పాట? – ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీది “ఎండలు కాసేదెందుకురా? మబ్బులు పట్టేటందుకురా” అని మొదలయ్యే పాట. మీకు గుర్తున్నది దాని మూడో మెట్టు. రెండో మెట్టులో మబ్బులు పట్టేది వానలు కురిసేటందుకు. చెరువులు నిండాక పంటలు పండుతాయి, పంటలు పండితే ప్రజలు బతుకుతారు. ఇక్కడి దాకా అందరూ దాదాపు ఒకేలా పాడతారు. తేడాలన్నీ ఆ తర్వాతే. కొన్ని బళ్ళలో ప్రజలు బతకడంతో ఆపేస్తారు, కొన్నిచోట్ల దేవుణ్ణి కొలవడం, ముక్తి పొందడం వరకూ వెళతారు. మీ బడిలో ఎక్కడ ఆపారో మీ తరగతిలో చదివినవాళ్ళే చెప్పాలి. రెండు ముగింపులూ వాడుకలో ఉన్నవే, మనవరాలికి ఏది నేర్పినా తప్పు లేదు.

మీరు రాసిన మాటల్లో రెండు మారిపోయాయి. అవి ఎలా పట్టుబడతాయో వివరంగా చెబుతాం, ఎందుకంటే ఏ పిల్లల పాటకైనా ఇదే పరీక్ష పనికొస్తుంది. చప్పట్లు కొడుతూ పాడండి. ఎండలు, కాసే, దెందుకు, రా: నాలుగు దెబ్బలు. ఒక్కో దెబ్బకు నాలుగు మాత్రలు (మాత్ర అంటే ఒక పొట్టి అక్షరం పలికేంత సేపు). హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు. సున్నా ఉన్న అక్షరానికీ, ఒత్తుకు ముందున్న అక్షరానికీ కూడా రెండే. ‘ఎండలు’లో ఎం రెండు, డ ఒకటి, లు ఒకటి. చివరి ‘రా’ రెండు మాత్రలే కాబట్టి మిగతా రెండూ ఊపిరి తీసుకోవడానికి సరిపోతాయి.

ఇప్పుడు మీ పాదం చూడండి. ‘వర్షాలు’ అంటే ఐదు మాత్రలు, దెబ్బ తప్పుతుంది. ‘వానలు’ అంటే నాలుగు, సరిగ్గా కూర్చుంటుంది. ‘కురిసేది ఎందుకురా’ అని విడదీస్తే ‘కురిసేది’ కూడా ఐదుకు పోతుంది. ‘కురిసే, దెందుకు, రా’ అని కలిపి పాడితే లెక్క సరిపోతుంది. మనసు అర్థాన్ని గుర్తుపెట్టుకుని మాటను మార్చేస్తుంది, దరువు మాత్రం అలాగే ఉంటుంది. అందుకే గుర్తొచ్చిన మాట కంటే గుర్తున్న దరువునే ఎక్కువ నమ్మాలి. “ప్రజలు బతికేటందుకురా” దగ్గర మాత్రం ‘ప్రజలు’ మూడు మాత్రలే. అక్కడ పిల్లలు ‘ప్రజలూ’ అని సాగదీస్తారు. మీకు ఆ సాగదీత చెవిలో ఉంటే మీరు వెతుకుతున్నది ఈ పాటేనని ఇంకే అనుమానమూ అక్కర్లేదు.

ప్రశ్న: బడిలో కాళ్ళు చాపుకుని వరసగా కూర్చుని ఆడేవాళ్ళం. “నీరూ కాదు… పండూ కాదు…” అని వచ్చేది. మధ్యలో ఏముందో ఎంత ఆలోచించినా రావడం లేదు. అన్నయ్య ఒకలా, వదిన ఒకలా చెబుతున్నారు. – ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: అది “కాళ్ళా గజ్జా కంకాళమ్మా”. పాట సాగుతుండగా ఒకరు ఒక్కో దెబ్బకు ఒక్కో కాలును తాకుతూ పోతారు. చివరి మాట ఎవరి కాలి మీద పడితే వారు ఆ కాలు ముడుచుకోవాలి. ఎక్కువగా వినిపించే పాఠం ఇది:

కాళ్ళా గజ్జా కంకాళమ్మా
వేగుచుక్క వెలగ మొగ్గ
మొగ్గా కాదు మోదుగ నీరు
నీరూ కాదు నిమ్మల వావి
వావీ కాదు వావింటాకు
ఆకూ కాదు గుమ్మడి పండు
పండూ కాదు పాపిడి మీసం

ఒక పాదం చివరి మాటతో తర్వాతి పాదం మొదలవుతుంది. పద్యాల్లో దీన్నే ముక్తపదగ్రస్తం అంటారు. దీనివల్ల మీకో వెసులుబాటు ఉంది. ‘నీరు’కూ ‘పండు’కూ మధ్య మీరు పోగొట్టుకున్న గొలుసుకడియాలు రెండే, వావి, ఆకు. ఇంకో ఆనవాలు కూడా చూడండి: మొగ్గకు మోదుగ, నీరుకు నిమ్మల, వావికి వావింటాకు, పండుకు పాపిడి. ‘కాదు’కు ముందున్న మాటా, వెనకున్న మాటా ఒకే హల్లుతో మొదలవుతాయి. మరిచిపోయిన మాటను ఊహించేటప్పుడు ఆ హల్లునే పట్టుకోండి. ‘ఆకూ కాదు గుమ్మడి’ దగ్గర మాత్రం ఈ పొందిక లేదు. పొందిక లేనిచోట మాట తేలిగ్గా మారిపోతుంది కాబట్టి, మీవాళ్ళ పాఠాలను పోల్చేటప్పుడు మొదట ఆ పాదమే చూడండి. ‘మోదుగ నీరు’ను ‘మోదుగ నీడ’ అనేవాళ్ళూ ఉన్నారు. నోటిమాటగా నడిచిన పాటలో అన్నయ్య పాఠమూ సరైనదే, వదిన పాఠమూ సరైనదే. పేర్లు, ఊళ్ళు రాసి రెండూ దాచండి, ఒకదాన్ని చూసి మరొకదాన్ని దిద్దకండి.

అడిగే పద్ధతి కూడా ముఖ్యం. “ఆ పాట ఇదేనా?” అని అడిగితే ఎవరైనా తలూపేస్తారు. సగం పాడి ఆపండి, మిగతా సగం వాళ్ళ నోటే రానివ్వండి. ఇద్దరినీ ఒకేచోట కూర్చోబెట్టి అడిగితే గట్టిగా పాడినవాళ్ళ పాఠమే నెగ్గుతుంది, విడివిడిగా అడగాలి. కుర్చీలో కూర్చుని గుర్తుకు రాని పాదం, నేల మీద కాళ్ళు చాపి మోకాళ్ళ మీద తడుతూ పాడితే తరచు వచ్చేస్తుంది.

ఈ పాట గజ్జికి మందు చెప్పే రహస్య వైద్యమన్న వివరణ ఫోన్లలో బాగా తిరుగుతోంది. పాటలో వెలగ, మోదుగ, నిమ్మ, వావిలి ఉన్న మాట నిజమే. అంత మాత్రాన వాటిని నూరి పిల్లల ఒంటికి పూయకండి, చర్మం మండి పుండు పడే ప్రమాదం ఉంది.

ప్రశ్న: “చేత వెన్నముద్ద చెంగల్వ పూదండ” అని మొదలై “తారంగం తారంగం” అని వచ్చే కృష్ణుడి పాట పూర్తి పాఠం కావాలి. – ఒక పాఠకురాలు, బళ్ళారి

జవాబు: అవి రెండూ వేర్వేరు. చప్పట్లే తేల్చి చెబుతాయి. “తారంగం తారంగం తాండవ కృష్ణా తారంగం” నాలుగేసి మాత్రల దెబ్బకు లొంగుతుంది. “చేత వెన్నముద్ద” లొంగదు. చేత, వెన్న, ముద్ద మూడేసి మాత్రలు, చెంగల్వ, పూదండ ఐదేసి. అది ఆటవెలది నడక, రాగం తీసి చదివే పద్యం. “చిన్ని కృష్ణ నిన్ను చేరి కొలుతు” అన్న పాదంతో అది పూర్తవుతుంది. కృష్ణుడి మీద రెండింటినీ ఒకదాని వెంట ఒకటి చెప్పించడంతో మీ మనసులో ఒక్కటైపోయి ఉంటాయి.

ప్రశ్న: ఇంటర్నెట్‌లో ఎంత వెతికినా మా బడిపాట దొరకడం లేదు. రాగం కూనిరాగంగా వినిపిస్తే ఏవో సినిమా పాటలు చూపిస్తోంది. ఎలా వెతకాలి? – ఒక పాఠకుడు, డాలస్

జవాబు: కూనిరాగంతో వెతికే యాప్‌లు రికార్డయి ఉన్న పాటలతో పోలుస్తాయి. బడిపాట రాగం సాధారణంగా మూడు నాలుగు స్వరాల్లోనే తిరుగుతుంది, అంత చిన్న ముక్క ఏ సినిమా పాటలోనైనా ఉంటుంది. దాన్ని వదిలేసి మాటలతో వెతకండి, అదీ తెలుగు లిపిలోనే. మొదటి పాదం గుర్తులేకపోతే పల్లవిలా తిరిగొచ్చే మాట చాలు. తెనాలి పాఠకురాలి పాటకైతే ‘కురిసేటందుకురా’ అన్న పూర్తి మాటే ఎక్కువ పని చేస్తుంది. ‘వాన’, ‘చెరువు’ లాంటి మాటలతో వేల పేజీలు వచ్చిపడతాయి. స్పెల్లింగులు మార్చి మార్చి చూడాలి: కాళ్ళా, కాళ్లా, చిలకమ్మ, చిలుకమ్మ, గుడుగుడు గుంచం, గుడుగుడు కుంచం. కంప్యూటరుకు ఇవన్నీ వేర్వేరు మాటలు.

పాత వాచకాలు స్కాన్ చేసినవి ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో కొన్ని దొరుకుతాయి. పాత అచ్చు తెలుగును యంత్రం చాలాసార్లు సరిగా చదవలేదు కాబట్టి లోపలి మాటలతో వెతికితే తరచు ఏమీ రాదు. ‘తెలుగు వాచకం’ అని తరగతితో వెతికి, విషయసూచిక పేజీని కళ్ళతో చూసుకోవాలి. మీరు ఆ తరగతి చదివిన ఏటికి నాలుగైదేళ్ళ ముందు అచ్చయిన పుస్తకాలు కూడా చూడండి, ఒకే వాచకం చాలా ఏళ్ళు నడిచేది. 1956కు ముందు చదివినవారైతే తెలంగాణ వైపు హైదరాబాద్ రాష్ట్రపు పుస్తకాలు, కోస్తా, సీమల వైపు 1953 దాకా మద్రాసు రాష్ట్రపు పుస్తకాలు వెతకాలి.

వాచకంలో లేకపోతే పాట రేడియో నుంచి బడికి వచ్చి ఉండొచ్చు. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి నడిపిన పిల్లల కార్యక్రమాల పాటలు టీచర్ల ద్వారా ఎన్నో బళ్ళకు చేరాయి. 1945లో మొదలైన వారి ‘బాల’ పత్రిక పాత సంచికలు దొరికితే తిరగేయండి. ఆటతో కలిసిన పాటైతే వాచకాల కంటే బిరుదురాజు రామరాజు, నేదునూరి గంగాధరం వంటివారి జానపద గేయ సేకరణలు ముందు చూడాలి.

ఇంకా దొరక్కపోతే మాకు రాయండి. మాటలతో పాటు తరగతి, సంవత్సరం, జిల్లా, ప్రార్థనలో పాడారా ఆటలో పాడారా, చేతులతో ఏం చేసేవారు, పాదానికి ఎన్ని చప్పట్లు పడతాయి అన్నవి తప్పక రాయండి. అర్థం లేదనిపించిన మాటలను దిద్దకుండా, చెవిలో ఎలా ఉంటే అలాగే రాయండి.