టెక్ సందేహాలు: ప్రోగ్రామర్ల మీటప్ పెట్టాలంటే ఏ యాప్ కావాలి?

ప్రశ్న: మా ఊళ్లో పైథాన్, జావాస్క్రిప్ట్ మీద పనిచేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నెలకోసారి కలిసేలా ఒక మీటప్ గ్రూప్ పెట్టాలనుకుంటున్నాను. ఏ యాప్ వాడాలి? ప్రచారం ఎలా చేయాలి?

జవాబు: యాప్ సంగతి తర్వాత చూద్దాం, ముందు తేదీ ఖాయం చేసుకోండి. అందరికీ వీలయ్యే రోజు ఏదంటూ పోల్ మాత్రం పెట్టకండి, అది ఎప్పటికీ తేలదు. ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం అని మీరే నిర్ణయించేయండి. ఈసారి కుదరనివాళ్లకు కూడా వచ్చే నెల ఎప్పుడు రావాలో తెలిసిపోతుంది. గూగుల్ క్యాలెండర్‌లో ఈవెంట్ పెట్టేటప్పుడు రిపీట్ దగ్గర ‘నెలకోసారి, రెండో శనివారం’ అని ఎంచుకోవచ్చు. ఆ క్యాలెండర్‌ను పబ్లిక్ చేసి లింక్ పంచితే చాలు, ప్రతి నెలా కొత్తగా గుర్తుచేసే పని సగం తగ్గుతుంది.

రెండోది విషయం. ‘ప్రోగ్రామర్లందరికీ స్వాగతం’ అని రాస్తే అది తనకోసమేనని ఎవరూ అనుకోరు. ‘వెబ్ పేజీల్లోని పట్టికలను పైథాన్‌తో లాగడం: ఒకరు చేసి చూపిస్తారు, మీ ల్యాప్‌టాప్ తెచ్చుకోండి’ అని రాసి చూడండి. ఈ కిటుకు కొత్తదేమీ కాదు. 1975 మార్చిలో కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో హోంబ్రూ కంప్యూటర్ క్లబ్ మొదలైనప్పుడు అంటించిన కరపత్రం కూడా ‘మీరు సొంతంగా కంప్యూటర్ తయారు చేసుకుంటున్నారా?’ అన్న తీరులో నేరుగా అడిగింది. ఆ క్లబ్ పెట్టినవాళ్లలో ఒకరైన గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో జరిగిన ఆ మొదటి సమావేశానికి వచ్చింది ముప్ఫై మంది చిల్లర. యాపిల్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన స్టీవ్ వోజ్నియాక్ కూడా వాళ్లలో ఉన్నారు. ఆ కంపెనీ మొదటి కంప్యూటర్ యాపిల్-1ను తర్వాత ఆయన ఆ క్లబ్ సభ్యులకే చూపించారు. కాబట్టి మీ మొదటి మీటప్‌కు ఎనిమిది మందే వచ్చారని డీలా పడకండి.

ఇక యాప్. 2002 నుంచి ఉన్న మీటప్ డాట్ కామ్‌లో నిర్వాహకులు చందా కట్టాలి. మీరెవరో తెలియనివాళ్లు కూడా వెతుక్కుంటూ వచ్చి చేరడం దానివల్ల వచ్చే లాభం. మొదటి రెండు మూడు నెలలకు నా ఓటు దానికి కాదు. ఒక గూగుల్ ఫామ్, ఒక వాట్సాప్ చానల్ చాలు. గ్రూప్ అనకుండా చానల్ అన్నది కావాలనే. గ్రూపులో అందరి ఫోన్ నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. కొత్తవాళ్లు, ముఖ్యంగా మహిళలు, వెనకాడేది అక్కడే. చానల్‌లో ఒకరి నంబర్ ఇంకొకరికి తెలియదు. పైగా పోస్టులు పెట్టేది మీరే కాబట్టి గుడ్ మార్నింగ్ ఫొటోల బెడద కూడా ఉండదు!

ప్రచారం అనగానే పోస్టర్ డిజైన్ మీద రెండు రోజులు కూర్చునేవాళ్లు ఉంటారు. ఆ సమయంలో పదిమందికి విడివిడిగా మెసేజ్ పెట్టండి. ‘మీరు ఆ ప్రాజెక్టులో డేటాబేస్ మార్చారు కదా, ఆ కష్టాల గురించి ఐదు నిమిషాలు చెప్తారా?’ అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. టెక్ సమావేశాల్లో లైట్నింగ్ టాక్స్ అనేవి ఇవే. గంటసేపు మాట్లాడమంటే టెన్షన్ పడే మనిషి ఐదు నిమిషాలకు ఒప్పుకుంటాడు, తనతో ఇద్దరు స్నేహితులను కూడా తెస్తాడు. దగ్గర్లోని కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ చెప్పే లెక్చరర్లతో మాట్లాడితే విద్యార్థులు వస్తారు, ఒక్కోసారి హాలు కూడా దొరుకుతుంది. మీటప్ అయిన మర్నాడే స్లైడ్లనూ కోడ్‌నూ ప్రోగ్రామర్లు తమ కోడ్ పంచుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టండి. రానివాళ్లకు ఏం పోగొట్టుకున్నారో అప్పుడు తెలుస్తుంది.

ప్రశ్న: మా మీటప్‌కు వస్తామని నలభై మంది ఫామ్ నింపారు, వచ్చింది పదిహేను మందే. తప్పు ఎక్కడ జరిగింది?

జవాబు: తప్పేమీ లేదు. డబ్బు కట్టనక్కర్లేని కార్యక్రమాలకు పేరు ఇచ్చి రాకపోవడం ఎక్కడైనా ఉన్నదే. ముందురోజు సాయంత్రం గుర్తుచేస్తూ, రాలేకపోతే చెప్పడానికి ఒక లింక్ ఇవ్వండి. హాలు మాత్రం పేర్ల లెక్క చూసి తీసుకోకండి. పెద్ద హాల్లో పదిహేను మంది కూర్చుంటే వెలితిగా కనిపిస్తుంది, అదే చిన్న గదిలో అయితే సందడిగా ఉంటుంది.

ప్రశ్న: మీటప్‌లో డెమో ఇద్దామంటే నా ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ పోర్ట్ లేదు. యూఎస్‌బీ-సీకి అడాప్టర్ పెట్టినా ప్రొజెక్టర్‌లో బొమ్మ రావట్లేదు.

జవాబు: యూఎస్‌బీ-సీ పోర్టులన్నీ వీడియో పంపలేవు. దానికి డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్ గానీ థండర్‌బోల్ట్ గానీ ఉండాలి. మీ మోడల్ స్పెసిఫికేషన్లలో ఆ మాట ఉందేమో చూడండి. రెండు సీ పోర్టులుంటే రెండోదాంట్లో పెట్టి చూడండి, కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఒక్కదానికే ఆ సదుపాయం ఉంటుంది. ఏ పోర్టుకూ లేకపోతే మామూలు అడాప్టర్‌తో పని జరగదు. కోడ్ గిట్‌హబ్‌లో పెట్టేసి, డెమో పక్కవాళ్ల ల్యాప్‌టాప్ మీద ఇవ్వండి.