రాజుని వదిలెయ్, గుమాస్తాని పట్టుకో

తమ్ముడూ,

వలస పాలన చరిత్ర మీద నువ్వు రాసి పంపిన ఇరవై రెండు పేజీలూ నిన్న రాత్రి ఏకబిగిన చదివేశా. ఎలా ఉందో దాచకుండా చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నా, నీ కోపం బాగుంది, వ్యాసం ఇంకా బాగాలేదు. 1492లో కొలంబస్‌ని ఓడ దింపావు, మూడో పేజీకల్లా పెరూ వెళ్ళిపోయావు, ఐదో పేజీలో బానిస ఓడలు, తొమ్మిదిలో ప్లాసీ, పద్నాలుగులో ఆఫ్రికా పంపకం, చివర్లో గబగబా 1960 దాకా వచ్చి జెండాలు ఎగరేసేశావు. ఎక్స్‌ప్రెస్ బండి కిటికీ పక్కన కూర్చున్నట్టుంది, స్టేషన్ల పేర్లు వెళ్ళిపోతున్నాయి, బండి మాత్రం ఎక్కడా ఆగదు.

ఇంకోటి, విశేషణాలు. రెండో పేజీ ఒక్కదాంట్లోనే పదకొండు లెక్కపెట్టా, క్రూరమైన, పైశాచికమైన, రక్తదాహం నిండిన... చదివేవాడు తెచ్చుకోవాల్సిన కోపం కూడా నువ్వే తెచ్చేసుకుంటే ఇంక వాడికేం మిగులుతుంది చెప్పు.

నేనూ ఇలాగే రాసేవాణ్ణిలే. రాజులు, వైస్రాయిలు, జనరల్సు, వాళ్ళ మీసాలు, వాళ్ళ యుద్ధాలు. చాలా ఏళ్ళు పోయాక గానీ బుర్రకెక్కలేదు, కత్తి దూసేది ఏడాదిలో నాలుగు రోజులే, మిగతా రోజులన్నీ ఎవడో ఒకడు కూర్చుని పద్దు రాస్తూనే ఉంటాడు, రసీదు చింపుతుంటాడు, ఒప్పందం తర్జుమా చేస్తుంటాడు, సామ్రాజ్యం నడిచేది వాడి బల్ల మీద. వాణ్ణి పట్టుకో. రాజు దగ్గర గొప్పలు దొరుకుతాయి, గుమాస్తా దగ్గర లెక్క దొరుకుతుంది.

కాంగోనే తీసుకో, నువ్వు దానికి నాలుగు లైన్లు ఇచ్చి ముందుకెళ్ళిపోయావు. 1885 నుంచి అది బెల్జియం రెండో లియోపోల్డ్ రాజుగారి సొంత జాగీరు, అవును, దేశానిది కూడా కాదు, ఆయన సొంతం, బెల్జియం కన్నా 70 రెట్లకు పైగా పెద్దది, ఆయన జన్మలో ఒక్కసారి కూడా అక్కడ కాలు పెట్టలేదు. అయితే 1890ల చివర్లో లివర్‌పూల్‌లో ఒక షిప్పింగ్ కంపెనీలో ఎడ్మండ్ మోరెల్ అని ఒక క్లర్క్ ఉండేవాడు. కాంగోకి తిరిగే ఓడలు చూసుకోడానికి బెల్జియంలోని ఆంట్వెర్ప్ రేవుకి వెళ్తూ వస్తూ ఉండేవాడు. వచ్చే ఓడల నిండా రబ్బరు, ఏనుగు దంతాలు. వెళ్ళే ఓడల్లో చూస్తే తుపాకులు, తూటాలు, ఆఫీసర్లు. వర్తకం అన్నాక ఇచ్చిపుచ్చుకోవడం ఉండాలి కదా, అంత రబ్బరు తీసుకుని బదులుగా గుడ్డలో ఇంకేదో సరుకో పంపాలి కదా, అలాంటిది చెప్పుకోదగ్గంత ఏమీ వెళ్ళట్లేదు. అంటే అక్కడ రబ్బరు గీసేవాడికి ఏమీ ముట్టట్లేదు, అంటే వెట్టి, అంటే ఆ తుపాకులు ఎందుకో తెలిసిపోయింది. కాంగోకి వెళ్ళకుండా, ఒక్క మనిషి ఏడుపు వినకుండా, రేవులో సరుకు జాబితా చూసి పట్టేశాడు! 1901లో ఉద్యోగం మానేసి దీని మీదే కూర్చున్నాడు, 1904లో కాంగో రిఫార్మ్ అసోసియేషన్ పెట్టాడు, ఆ గొడవ పెద్దదై పెద్దదై చివరికి 1908లో రాజుగారు కాంగోని బెల్జియం ప్రభుత్వానికి అప్పజెప్పాల్సొచ్చింది.

అక్కడి సైన్యంలో కూడా ఒక లెక్క ఉండేది. సిపాయికి ఇచ్చిన తూటాకి జవాబు చెప్పాలి, అడవిలో వేటకి వాడుకోలేదని రుజువు కావాలి, రుజువు ఏంటంటే చంపిన మనిషి కుడి చెయ్యి. ఒక తూటా, ఒక చెయ్యి. తూటా గురి తప్పినా, జంతువుని కొట్టుకు తిన్నా పద్దు కలవాలి కాబట్టి బతికున్న మనిషి చెయ్యి నరికిన సందర్భాలు ఉన్నాయి. ఇది రాయడానికి "పైశాచికం" అవసరమా నీకు? స్టోర్ రూములో స్టాక్ సరిచూసుకున్నట్టు రాసెయ్, అలా రాస్తేనే ఒంట్లోకి చలి ఎక్కుతుంది.

1904లో ఆలిస్ హారిస్ అనే మిషనరీ తీసిన ఫోటో ఒకటుంది, వెతికి చూడు, కానీ రాత్రిపూట వద్దు. ఎన్సాలా అనే ఆయన వరండా అంచున కూర్చుని పక్కకి చూస్తుంటాడు, ఎదురుగా ఒక చిన్న చెయ్యి, ఒక చిన్న పాదం, ఐదేళ్ళ కూతురివి, రబ్బరు కంపెనీ కాపలావాళ్ళు చంపేశాక మిగిలినవి. అంతే ఫోటో. నీ పదకొండు విశేషణాల్లోంచి ఏదైనా ఒకటి తీసి దాని కింద పెట్టి చూసుకో, ఎంత బోడిగా ఉంటుందో.

అన్నట్టు "కోటి మంది చనిపోయారు" అని ఖాయం చేసేశావు ఒక చోట. అది అంచనా, అంతకుముందు జనాభా లెక్కలే లేవు అక్కడ, చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు, అంచనా అనే రాయి. పైగా 1908లో అప్పగించే ముందు బ్రస్సెల్స్‌లో కాంగో వ్యవహారాలు చూసే ఆఫీసు కాగితాలు ఎనిమిది రోజుల పాటు కాల్చారు. ఎనిమిది రోజులు! నేనైతే ఈ మంట దగ్గరే వ్యాసం మొదలుపెడతా.

మాటల దగ్గరికి వద్దాం, నీకు అసలు చెప్పాలనుకున్నది ఇదే. 1840 ఫిబ్రవరి 4 రాత్రి న్యూజిలాండ్‌లో హెన్రీ విలియమ్స్ అనే మిషనరీ, ఆయన కొడుకు ఎడ్వర్డ్ కూర్చుని, బ్రిటిష్ వాళ్ళు అక్కడి మూలవాసులైన మావోరీల ముందు పెట్టబోయే ఇంగ్లిష్ ఒప్పందాన్ని మావోరీ భాషలోకి మార్చారు, ఒక్క రాత్రిలో. ఇంగ్లిష్‌లో ఉన్నది సర్వాధికారం బ్రిటన్ రాణిగారికి ఇచ్చేస్తున్నాం అని, మావోరీలో పడిన మాట కావనతంగ, గవర్నర్ అనే మాటని మావోరీ నోటికి తిప్పి చేసింది, పరిపాలన అనే అర్థం. పైగా రెండో క్లాజులో తినో రంగతిరతంగ మీదే అని రాశారు, అంటే మీ నేల మీద, ఊళ్ళ మీద మీ పెద్దరికం మీకే ఉంటుందని. ఎల్లుండి, అంటే 6న, వైతాంగిలో సంతకాలు మొదలయ్యాయి, తర్వాత నెలల్లో 500 మందికి పైగా పెద్దలు సంతకం పెడితే ఇంగ్లిష్ కాగితం మీద పెట్టింది ఒక 39 మంది, మిగతావాళ్ళంతా మావోరీ కాగితం మీదే. ఇప్పుడు చెప్పు, వాళ్ళు దేనికి ఒప్పుకున్నట్టు? ఆ వాదన ఇప్పటికీ తెగలేదు.

ఇథియోపియాలో 1889లో ఇదే కథ, ఇటలీతో చేసుకున్న వుచాలే ఒప్పందం, 17వ క్లాజు. అమ్హారిక్ ప్రతిలో మెనెలిక్ చక్రవర్తి విదేశాలతో మాట్లాడాలంటే ఇటలీ సాయం తీసుకోవచ్చు అని ఉంది, ఇటాలియన్ ప్రతిలో తీసుకోవాలి అని ఉంది. "వచ్చు"కి "వాలి"కి మధ్య ఒక దేశం పోబోయింది. మెనెలిక్ ఆ ఒప్పందమే మాకొద్దన్నాడు, చివరికి 1896 మార్చి 1న అద్వా దగ్గర ఇటలీ సైన్యాన్ని చిత్తుగా ఓడించాడు. నీ వ్యాసంలో అద్వా అసలు లేదు, హైతీ లేదు. ఇరవై రెండు పేజీల్లో దెబ్బలు తిన్నవాళ్ళు దెబ్బలు తింటూనే ఉన్నారు, ఒక్కడు కూడా లేచి నిలబడలేదు, అదేం న్యాయం?

సరే తెలుగు సంగతి. "కొలంబస్ అమెరికాను కనుగొన్నాడు" అని రాశావు, స్కూల్లో అందరం బట్టీపట్టిందే, కానీ అప్పటికే జనం నిండుగా ఉన్న చోటుని కనుక్కోవడం ఏంట్రా? వెళ్ళాడు అను, చేరాడు అను. "బాండా దీవుల్లో వేలమంది చనిపోయారు" అన్నావు, జ్వరమొచ్చి చనిపోయినట్టు. ఇప్పటి ఇండోనేషియాలోని ఆ దీవుల్లో 1621లో డచ్ కంపెనీ గవర్నర్ జనరల్ కోయెన్ జాజికాయ గుత్తవ్యాపారం కోసం చంపించాడు, మిగిలినవాళ్ళని బానిసలుగా తోలుకెళ్ళాడు, కొందరు ఆకలికి పోయారు. చంపినవాడు వాక్యంలో కనపడాలి. కర్త దొరక్కుండా వాక్యం రాశావంటే ఆ కంపెనీ గుమాస్తాకీ నీకూ తేడా ఏముంది, వాడూ అలాగే రాసేవాడు.

ఇంక నన్ను ఎప్పట్నుంచో పీకుతున్న మాట ఒకటుంది, వలస. కాలనీకి మనం వలస అంటాం, వలస పాలన, వలసవాదం. మళ్ళీ కూలికి పోయేవాడిదీ వలసే. పొట్ట చేతబట్టుకుని పోయేవాడిదీ వలస, ఫిరంగి పట్టుకుని వచ్చేవాడిదీ వలస, ఒకే మాట! 1830ల్లో బ్రిటిష్ వాళ్ళ చెరకు తోటల్లో బానిసత్వం రద్దయ్యాక పనికి మనుషులు కావాల్సొచ్చి ఇక్కణ్ణుంచి ఒప్పంద కూలీల్ని పట్టుకెళ్ళారు, మారిషస్, ట్రినిడాడ్, తర్వాత ఫిజీ. 1860 నవంబర్‌లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి బ్యాచ్‌ని దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కి చేర్చింది. వాళ్ళు ఒప్పుకున్న కాగితం పేరు అగ్రిమెంట్, జనం నోట్లో నలిగి గిర్మిట్ అయింది, వాళ్ళు గిర్మిటియాలయ్యారు. కాగితం పేరే మనిషి పేరైపోయింది చూడు. ఆ మనిషికీ, ఆ తోట యజమానికీ ఒకే మాట వాడాల్సి రావడం మన భాషలో ఉన్న చిక్కు, దానికి నా దగ్గర మందు లేదు, కనీసం నువ్వు రాసేటప్పుడు ఏ వలస అంటున్నావో తెలిసేలా రాయి.

నేను తిన్న దెబ్బ కూడా చెప్తా, నవ్వుకో. మొదట్లో ఒక పత్రికకి రాశా, 1884లో బెర్లిన్‌లో బిస్మార్క్ ఇంట్లో కూర్చుని స్కేలు పెట్టి ఆఫ్రికా సరిహద్దులన్నీ గీసేశారని, ఏం డ్రామా పెట్టానో, పెన్సిలు చప్పుడు కూడా వినిపించా. అచ్చయ్యాక ఒక పెద్దాయన కార్డు రాశాడు, బాబూ ఆ సమావేశంలో సరిహద్దులు గీసిన కాగితం ఏదో చూపిస్తావా అని. వెతికితే లేదు. 14 దేశాలు కూర్చున్న మాట నిజం, ఒక్క ఆఫ్రికా ప్రతినిధి కూడా లేని మాట నిజం, కానీ వాళ్ళు 1885 ఫిబ్రవరిలో లేచేటప్పటికి రాసుకున్నది ప్రధానంగా రూల్సు, కొత్తగా తీరం ఆక్రమించేవాడు మిగతావాళ్ళకి చెప్పాలి, అక్కడ నిజంగా అధికారం నడపాలి, కాంగో, నైజర్ నదుల్లో వర్తకానికి అడ్డు ఉండకూడదు, ఇలాంటివి. గీతలు చాలావరకు ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇద్దరిద్దరు కూర్చుని గీసుకున్నారు. ఆ పెన్సిలు చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నీ పద్నాలుగో పేజీలో అదే పెన్సిలు ఉంది, తీసెయ్.

లెక్కల పుస్తకాల దగ్గర కాసేపు కూర్చుంటే నీకే తెలుస్తుంది ఎంత సరుకుందో. 1781లో జాంగ్ అనే ఓడ నుంచి 130 మందికి పైగా ఆఫ్రికా బానిసల్ని సముద్రంలోకి తోసేశారు, కోర్టుకెళ్ళింది, ఏ కేసుగా? ఇన్సూరెన్స్ కేసుగా, తలకి 30 పౌండ్ల చొప్పున ఇవ్వాలా వద్దా అని. 1833లో బ్రిటన్ బానిసత్వం రద్దు చట్టం చేస్తే 2 కోట్ల పౌండ్ల నష్టపరిహారం ఇచ్చారు, యజమానులకి! బానిసగా ఉన్నవాడికి పైసా లేదు, పైగా అప్రెంటిస్ అనే కొత్త పేరు పెట్టి ఇంకొన్నేళ్ళు ఊరికే చాకిరీ చేయించుకున్నారు. ఆ నష్టపరిహారం కోసం బ్రిటన్ చేసిన అప్పు పూర్తిగా తీరింది ఎప్పుడనుకున్నావ్, 2015లో.

హైతీది ఇంకా ఘోరం. కరీబియన్ సముద్రంలో ఫ్రాన్స్ కాలనీ అది, బానిసలు తిరగబడి 1804లో సొంత దేశం తెచ్చుకున్నారు, 1825లో ఫ్రాన్స్ యుద్ధ ఓడలు పంపి మా ఆస్తి పోయింది 15 కోట్ల ఫ్రాంకులు కట్టండి, అప్పుడు గుర్తిస్తాం అంది, ఆ ఆస్తిలో వాళ్ళ సొంత ఒళ్ళు కూడా లెక్కే. కట్టడానికి డబ్బు లేక ఫ్రాన్స్ బ్యాంకుల దగ్గరే అప్పు చేశారు, 1838లో మొత్తం 9 కోట్లకి తగ్గించారు, అయినా ఆ అప్పుల తాలూకు చివరి వాయిదా తీరేసరికి 1947 వచ్చింది. ఎవరైనా నీ దగ్గరికొచ్చి అయినా రైళ్ళు వేశారు కదా అంటే వాదించకు, ఈ కిస్తీ కాగితం ముందు పెట్టు.

తెల్లవాళ్ళు అందరూ ఒకటే అన్నట్టు కూడా రాయకు, మోరెల్ ఏ రంగు మరి. అలాగే 1910 నుంచి 1945 దాకా కొరియాని నొక్కిపెట్టిన జపాన్ ఐరోపాలో లేదు. ప్రతి చోటా దొరగారి పక్కన దుబాసీ ఒకడు, జమీందారు ఒకడు, పన్ను వసూలు చేసిపెట్టే లోకల్ పెద్ద ఒకడు ఉంటాడు, వాణ్ణి వదిలేస్తే కథ సగమే.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది, ఇరవై రెండు పేజీలూ పక్కన పడెయ్, చింపకు, తర్వాత పనికొస్తాయి. ఆ 1840 ఫిబ్రవరి 4 రాత్రి మీద మూడంటే మూడు పేజీలు రాసి పంపు, తండ్రీ కొడుకులు, ఒక కాగితం, ఒక మాటకి సరైన మాట దొరక్కపోవడం. దీపం వెలుగుతోంది, బయట కుక్క మొరిగింది అని నీకు తెలియనివి పెట్టకు, నా పెన్సిలు గుర్తుంచుకో. నెలాఖరులోపు వస్తే చూసి పెడతా, తర్వాత కళ్ళ ఆపరేషన్ ఉంది.

పేజీ నంబర్లు కూడా సరిచూసుకో, పోయినసారి 11 తర్వాత 13 వచ్చింది, 12 కోసం మంచం కింద కూడా వెతికా.

ఉంటాను,
మీ అన్న