పక్క షీటు గీతతో కలవకపోతే లాగి కలిపేయొచ్చా?

ప్రశ్న: ఒక భూవిజ్ఞాన సంస్థ మ్యాపుల విభాగంలో కొత్తగా చేరాను. కడప బేసిన్ పాత జియాలజీ షీట్లను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాం. ఉపగ్రహ చిత్రం మీద పెడితే కొండ ఒకచోట, గీత ఇంకోచోట పడుతున్నాయి. పక్కపక్క షీట్ల గీతలు అంచు దగ్గర కలవడం లేదు. 'లాగి కలిపేయ్' అంటున్నారు సీనియర్లు. టెన్షన్‌గా ఉంది, ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: లాగకండమ్మా. మీరు చెప్పినవి రెండు వేరువేరు తేడాలు.

మొదటిది డేటం, అంటే అక్షాంశ రేఖాంశాలు లెక్కగట్టే ఆధారం, తేడా అయ్యుండొచ్చు. మీ జియాలజీ షీట్లకు ఆధారమైన పాత టోపోషీట్లు (కొండలు, వాగులు, ఊళ్లు చూపే మ్యాపులు) ఎవరెస్ట్ అనే పాత డేటంలో వేసినవి, ఉపగ్రహ చిత్రాలు జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 డేటంలో వస్తాయి. షీటు మూలల్లో అచ్చైన అంకెలను నేరుగా డబ్ల్యూజీఎస్ అని ఇస్తే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా జరుగుతుంది. షీటు నాలుగు వైపులా ఒక్కో వాగు కలయికనో, రైలు గేటునో చూడండి. అన్నీ ఒకే దిక్కుకు, ఒకే దూరం జరిగితే డేటమే. మొదట ఎవరెస్ట్‌లో కూర్చోబెట్టి, ఆ తర్వాత డబ్ల్యూజీఎస్‌కు మార్చండి. ఒక్కోచోట ఒక్కోలా జరిగితే మాత్రం కాగితం సాగిందనుకోవాలి. అప్పుడు నాలుగు మూలలు చాలవు, లోపలి అక్షాంశ రేఖాంశాల కూడళ్లు కూడా ఇవ్వాలి.

జోను కూడా చూసుకోండి. మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతి భూమిని ఆరేసి డిగ్రీల రేఖాంశ పట్టీలుగా, అంటే జోన్లుగా, విడదీస్తుంది. డోన్ 78 డిగ్రీల రేఖాంశానికి పడమర, బేతంచెర్ల తూర్పు. అంటే ఒకటి యూటీఎం 43లో, ఇంకోటి 44లో. ఇచ్ఛాపురం దాకా వెళ్తే 45. అందుకే మూల డేటాను అక్షాంశ రేఖాంశాల్లోనే దాచి, మ్యాపు వేసేటప్పుడు జోను ఎంచుకోవడం మేలు.

ఇక అంచు సంగతి. నాకు అసలు పట్టింపు ఇక్కడే. ఆ రెండు షీట్లు ఇద్దరు జియాలజిస్టులు వేరువేరు ఏళ్లలో నడిచి వేసినవి కావచ్చు. ఒకరు కాంటాక్టును, అంటే రెండు రాతి రకాలు కలిసే హద్దును, రాతి మీద చూసి నిండు గీత గీస్తారు. ఇంకొకరికి పైన నల్లరేగడి కప్పేసి ఉంటే, ఊహించి తెగిన గీత గీస్తారు. ఎక్కించేవాళ్లు రెండింటినీ ఒకే గీతగా మార్చేస్తే, ఆ మనిషి నిజాయితీగా రాసిపెట్టిన అనుమానం చెరిగిపోతుంది. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. గీత ఎంత ముఖ్యమో చూడండి: కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం, వేంపల్లె అని పేరున్న రాతి వరసలోని డోలమైటు (సున్నపురాయి లాంటి రాయి) పొరల్లోనే ఉంది. 1:50,000 షీటు మీద మూడు మిల్లీమీటర్లు లాగితే నేల మీద 150 మీటర్లు. అక్కడ బోరు వేసేవాళ్లు మీ గీతనే నమ్ముతారు.

కాబట్టి స్కాన్ నుంచి కంప్యూటర్‌లో గీసిన మొదటి ఫైలును ముట్టుకోకండి, నకలు మీదే పని చేయండి. ప్రతి గీతకూ ఎవరు వేశారు, ఏ ఏడు, ఏ స్కేలు, చూసిందా ఊహించిందా అని రాయండి. 1:2,50,000 మ్యాపు గీతను 1:50,000లో అతికించొద్దు. వేంపల్లె, వేంపల్లి, వెంపల్లె అని మూడు రకాల స్పెల్లింగులుంటే ఒకే కోడ్ ఇవ్వండి, లేకపోతే లెజెండులో (మ్యాపు పక్కన రంగుల అర్థం చెప్పే పట్టికలో) ఒకే రాతి వరస మూడుసార్లు వస్తుంది.

కలవని చోట ముందు ఫీల్డు రిపోర్టు తీయించండి. ఉపగ్రహ చిత్రంలో రాతి వరస స్పష్టంగా కనిపిస్తే, జియాలజిస్టును పక్కన కూర్చోబెట్టుకుని సవరించి, ఎందుకు సవరించారో రాయండి. తేలకపోతే అలాగే ఉంచి, అలాంటి చోట్లన్నీ ఒక జాబితాగా సీనియర్ చేతికివ్వండి. వచ్చే ఫీల్డు సీజన్‌లో అటు వెళ్లేవాళ్లకు అది పనికొస్తుంది.