ఫజ్లే హసన్ అబెద్‌కు అన్ని అవార్డులు దేనికి వచ్చాయి?

ప్రశ్న: బ్రాక్ సంస్థ పెట్టిన అబెద్‌ను ప్రపంచమంతా ఎందుకు గౌరవించింది? అప్పులిచ్చే సంస్థే కదా?

అప్పులు ఒక భాగమే. బంగ్లాదేశ్‌కు చెందిన అబెద్ చిట్టగాంగ్‌లో షెల్ చమురు కంపెనీలో లెక్కలు చూసే ఉద్యోగి. 1970 తుఫాను, ఆ మరుసటి ఏటి యుద్ధం చూశాక లండన్‌లోని ఫ్లాట్ అమ్మేసి, ఆ డబ్బుతో 1972లో సిల్హెట్ వైపు సుల్లాలో శరణార్థుల పునరావాసం మొదలుపెట్టారు. అదే బ్రాక్‌గా ఎదిగింది.

నా దృష్టిలో అసలు ఘనత 1980ల నాటి కార్యక్రమం: విరేచనాలతో పిల్లలు చనిపోకుండా ఆపడం. మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, నీళ్లు: ఈ ద్రావణం కలపడం మహిళా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి కోటికి పైగా ఇళ్లలో తల్లులకు నేర్పారు. తర్వాత వేరేవాళ్లు వెళ్లి పరీక్షించేవారు. తల్లికి ఎంత గుర్తుంటే కార్యకర్తకు అంత జీతం! లెక్కల మనిషి బుర్రలోంచే ఇలాంటివి పుడతాయి.

2002లో, అప్పు కూడా పుట్టని నిరుపేదలకు ఆవో మేకలో ఇచ్చి, కొంతకాలం భత్యం, శిక్షణ, పొదుపు జోడించారు. భారత్ సహా ఆరు దేశాల్లో ఈ పద్ధతిని పరీక్షించి 2015లో ప్రచురించిన ఫలితాలు మొత్తమ్మీద బాగున్నాయి. అయితే మన మెదక్ జిల్లాలో విడిగా జరిగిన ప్రయోగంలో నికర లాభం కనబడలేదు. పథకం అందనివాళ్లకు కూలి ఆదాయం పెరిగింది, అందినవాళ్లలో చాలామంది పశువుల్ని అమ్మేశారు.

1980లో మెగసెసే, 2010లో బ్రిటన్ నైట్‌హుడ్, 2015లో వరల్డ్ ఫుడ్ ప్రైజ్ వచ్చాయి. 2019 డిసెంబరులో ఢాకాలో కన్నుమూశారు.