చాటుగా గోలీ, స్టేజీ మీద సాక్ష్యం

పరకాల దిక్కు ఒక ఊరి నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాసింది. కుదించి ఇస్తున్నాను.

“అక్కా, మా పాపకు పదిహేనేండ్లు, పదో తరగతి. పన్నెండో ఏట నుంచి ఫిట్స్. హన్మకొండల డాక్టరుకు చూపెట్టి పొద్దున ఒకటి, రాత్రి ఒకటి గోలీ వేసేది. పోయిన ఎండకాలం మా అత్తమ్మ స్వస్థత కూడికలకు తీస్కపోయింది. పాస్టరు అయ్యగారు నూనె రాసి, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, ఇగ ఈ బిడ్డకు ఈ రోగం లేదన్నడు. ఇంటికి రాంగనే అత్తమ్మ గోలీలన్నీ పారేసింది. వేస్తే నమ్మకం లేనట్టే అన్నది. తొమ్మిదో రోజు రాత్రి పిల్లకు మళ్లా ఫిట్స్ వచ్చినయి. ఆ రోజు అత్తమ్మ ఊర్లె లేదు, నా భర్త ఆటో కిరాయికి పోయిండు. నేను ఎవ్వరికీ చెప్పలే. తెల్లారి పాత చీటీ చూపెట్టి గోలీలు తెచ్చిన. అప్పటి సంది బియ్యం డబ్బాల దాచి, నూరి, పొద్దున పాలల్ల, రాత్రి పెరుగన్నంల కలిపి పెడుతున్న. పాపకు కూడ తెల్వదు. ఆరు నెలలాయె, ఫిట్స్ లేవు. ఇప్పుడు వచ్చే నెల మొదటి ఆదివారం నేను, పాప స్టేజీ ఎక్కి, దేవుడు బాగుచేసిండని అందరి ముందట సాక్ష్యం చెప్పాల్నట. చెప్పకపోతే రోగం తిరిగొస్తదని అత్తమ్మ అంటది. ఆమెకు పదిహేనేండ్ల కింద టీబీ వస్తే ప్రార్థనతోటే పోయిందంటది, ఆరు నెలలు ఏఎన్ఎం ముందట మింగిన గోలీల సంగతి చెప్పదు. మా చర్చిలనే ఇంకో అక్క కొడుక్కు గూడ ఫిట్సే. మేం గూడ గోలీలు బంద్ చేద్దామా అని నన్ను అడుగుతుంది. నేను నమ్మకం లేనిదాన్నా? దేవున్ని మోసం చేస్తున్ననా?”

చెల్లెమ్మా,

నీ ప్రశ్నకు వస్తాను. అంతకంటే ముందు ‘నూరి’ అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఫిట్స్ గోలీల్లో కొన్ని కడుపులో మెల్లమెల్లగా కరిగేట్టు తయారుచేస్తారు. షీటు మీద పేరు పక్కన సీఆర్ అనో, ఎస్ఆర్ అనో, క్రోనో అనో ఉంటుంది. అలాంటిదాన్ని నూరితే గంటల తరబడి అందాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి పోతుంది, ఆ తర్వాత ఖాళీ. నీ దగ్గరున్నది ఏ రకమో నాకు తెలియదు, షీటు తీసి చూడు. ఏ రకమైనా సరే, పిల్ల సగం అన్నం తిని చెయ్యి కడుక్కున్న రోజు ఎంత మందు పోయిందో నీకెలా తెలుస్తుంది? పైగా పాత చీటీ. ఎదిగే పిల్ల, బరువు మారి ఉంటుంది, డోసు కూడా మారాల్సి ఉండొచ్చు. ఆడపిల్ల కాబట్టి ఇంకో మాట: ఈ జబ్బుకు వాడే మందుల్లో ఒకటి రెండు, ముందు ముందు గర్భం వచ్చినప్పుడు కడుపులో బిడ్డకు మంచివి కావు. మా పాపకు ఇదే మందు కొనసాగించాలా అని డాక్టరును నోరు తెరిచి అడుగు. ఈ వారంలోనే పో. గోలీ మాత్రం ఒక్క పూట కూడా ఆపకు. ఉన్నపళంగా ఆపితే ఒక ఫిట్ మీద ఇంకో ఫిట్ వచ్చి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉంది. తొమ్మిదో రోజు రాత్రి నువ్వు చూసింది చిన్న హెచ్చరిక అనుకో.

ఇక నమ్మకం సంగతి.

నేనూ మందిరంలోనే పెరిగాను. అద్భుతాలు జరగవని నేను రాయను, అది తేల్చే అధికారం నాకు లేదు. కానీ చిన్నప్పటి నుంచి విన్న సాక్ష్యాల్లో ఒకటి గమనించాను. అన్నింట్లోనూ డాక్టర్లు ‘చేతులెత్తేస్తారు’. ఆ మాట లేని స్వస్థత సాక్ష్యాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. డాక్టరు చేతులెత్తేస్తేనే దేవుడి చెయ్యి కనబడుతుందని మనకెవరు నేర్పారో గానీ, ఇంట్లో పెద్ద బైబిలు పెట్టుకున్న మీ అత్తమ్మకు అందులోనే వేరే సంగతులు చూపించొచ్చు.

లూకా సువార్త 17వ అధ్యాయం తీసి చదువు. పదిమంది కుష్ఠరోగులు దూరంగా నిలబడి కేకలేస్తే ప్రభువు ఏమన్నాడు? పోయి యాజకులకు చూపించుకోండి అన్నాడు. ఆ కాలంలో చర్మరోగం తగ్గిందా లేదా చూసి చెప్పే పని యాజకుడిదే. లేవీయకాండం 13లో ఆ పరీక్షంతా ఉంటుంది: చూడాలి, ఏడు రోజులు విడిగా ఉంచాలి, మళ్లీ చూడాలి. స్వస్థపరచినవాడే పరీక్షకు పంపితే, పరీక్ష అవిశ్వాసం ఎట్లయితది? మీ అయ్యగారు రోగం పోయిందన్న రోజున ‘గోలీలు వేస్తూ ఉండండి, డాక్టరుకు చూపించుకోండి, ఆయన ఆపమంటే ఆపండి’ అని ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు. బహుశా ఆయన గోలీలు పారేయమనలేదు కూడా. నీ ఉత్తరంలో ఆ మాట అత్తమ్మ నోట ఉంది గానీ ఆయన నోట లేదు, చూసుకున్నావా?

నూనె రాయడం తప్పని కూడా అనను. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో పెద్దలను పిలిపించి నూనె రాయించి ప్రార్థన చేయించుకొమ్మని ఉంది. అదే కొత్త నిబంధనలో పౌలు తిమోతికి కడుపు నొప్పికి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకొమ్మన్నాడు, జబ్బుపడ్డ త్రోఫిమును మిలేతులో వదిలి వచ్చానని రాశాడు. పౌలుకు నమ్మకం తక్కువని మీ సంఘంలో ఎవరైనా అంటారా?

మనకు దగ్గర్లోదే ఇంకోటి చెప్తాను. వందేళ్ల కిందట నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే మిషన్ డాక్టరమ్మ, భర్త జార్జి కెర్‌తో కలిసి కుష్ఠురోగులకు దవాఖాన నడిపింది. దేవుడి పని మీద సముద్రం దాటి వచ్చిన మనిషి. ఆ రోజుల్లో ఆ రోగానికి మందంటే చాల్‌మూగ్ర నూనె, ఇంజక్షన్‌గా పొడవాలి, నొప్పి మామూలుగా ఉండేది కాదు. ప్రార్థన చేసుకున్న చేతులే సూదీ పట్టుకున్నాయి. మీ అత్తమ్మకు నూనె మీద గురి ఎక్కువ కదా, అదీ నూనే అని చెప్పు.

దురాత్మ మాట నీ ఉత్తరం మూడో పేజీలో ఒకసారి వచ్చింది, ఆడబిడ్డ అన్నదని. నిజమే, మత్తయి 17లో చాంద్రరోగి, అంటే ఫిట్స్ లాంటి జబ్బు ఉన్న పిల్లవాణ్ణి ప్రభువు బాగుచేసినప్పుడు దయ్యాన్ని గద్దించాడనే ఉంది. కానీ అదే మత్తయి 4వ అధ్యాయం 24వ వచనంలో దయ్యం పట్టినవాళ్లను, చాంద్రరోగులను, పక్షవాతం వాళ్లను వేరువేరుగా చెప్పాడు. ఫిట్స్ వచ్చిన ప్రతి పిల్లకూ దయ్యమని రాయలేదు. మెదడులో కరెంటు లాంటి సంకేతాలు కాసేపు గతి తప్పుతాయి, చెయ్యి కాలు కొట్టుకుంటుంది, అంతే. సరైన మందు సరిగ్గా వాడితే పదిమందిలో ఏడుగురు దాకా ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. రెండేళ్లో అంతకంటే ఎక్కువో ఒక్కసారీ రాకపోతే డాక్టరే కొందరికి నెలల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించి ఆపేస్తాడు. గోలీలు ఆగే రోజు రావొచ్చు, దానికొక దారుంది.

మీ అత్తమ్మను నేను తీసిపారెయ్యను. ‘సాక్ష్యం చెప్పకపోతే రోగం తిరిగొస్తది’ అన్న ఆమె భయం ఎక్కడిదో మన ఓరుగల్లు వాళ్లకు వేరే చెప్పాలా? ఐనవోలు మల్లన్నకు మొక్కి, రంగుల ముగ్గుతో పట్నం వెయ్యకపోతే ఏమైతదో అని భయపడ్డ ఇళ్లే మనవి. మందిరం మారింది, మొక్కు లెక్క మారలేదు. ఆమెకు సాక్ష్యమంటే బాకీ తీర్చడం. అందుకే ‘దేవుడు చెయ్యలేదు, గోలీ చేసింది’ అని నువ్వు అన్నావో, ఆమె చెవికి అది బాకీ ఎగ్గొట్టినట్టే వినబడుతుంది. వాదన పెట్టుకోకు. ఆమె టీబీ దగ్గర మొదలుపెట్టు. ‘అత్తమ్మా, నీకు జబ్బు చేసినప్పుడు ఏఎన్ఎం పొద్దున్నే వచ్చేదంట గదా, ఎన్ని గోలీలు మింగిచ్చేది?’ అని అడిగి ఊరుకో. ఆ ఎర్ర గోలీలకు మూత్రం కూడా ఎర్రగా వచ్చేదని, కడుపులో తిప్పేదని ఆమే చెప్తుంది. చెప్పనీ. మధ్యలో దూరి నీతి చెప్పకు. ఆమె బతికింది ప్రార్థనతోనూ, గోలీలతోనూ. మర్చిపోయింది ఒక్క సగమే.

అయితే ఈ కథలో అందరికంటే ముందు నిజం తెలియాల్సింది అత్తమ్మకు కాదు, నీ బిడ్డకు. పది అయిపోతే ఇంటర్‌కు హన్మకొండ హాస్టల్లో వేస్తామని రాశావు. హాస్టల్లో పెరుగన్నంలో గోలీ ఎవరు కలుపుతారు? తనకు జబ్బే లేదనుకుంటున్న పిల్ల, పరీక్షల ముందు రాత్రంతా మేల్కొని చదువుతుంది. ఫిట్స్‌ను పిలిచే వాటిలో నిద్ర లేకపోవడం ముందుంటుంది. (ఆల్ నైట్ ప్రార్థనలకూ, రోజంతా ఉపవాసాలకూ కూడా ఈ పిల్లను కూర్చోబెట్టొద్దు. గోలీ వేళ తప్పినా అంతే.) ఒక రాత్రి పడుకునే ముందు పక్కన కూర్చుని చెప్పు. ‘నీకు చెప్పకుండ గోలీ పెట్టిన, తప్పైంది, భయంతోటి చేసిన’ అను. కోపం చేస్తుంది, చెయ్యనీ. ఏడుస్తూ ‘అయితే దేవుడు నన్ను ముట్టలేదా’ అని అడుగుతుందేమో. దానికి తెలివైన జవాబు వెతుక్కోకు. ‘ఆరు నెలలు నిన్ను కాపాడిండు, గోలీ గూడ అండ్లనే ఉంది’ అంటే చాలు. తర్వాతి పూట గోలీ పిల్ల చేతికే ఇవ్వు, నీళ్లతో తనే మింగాలి.

భర్త దగ్గర మాత్రం సూటిగా పో. తల్లి మాట దాటడని రాశావు, సరే, కానీ కన్నబిడ్డకు తొమ్మిదో రోజు రాత్రి ఏమైందో అతనికి ఇప్పటికీ తెలియదు. ఆ రాత్రి సంగతి ఉన్నది ఉన్నట్టు చెప్పు: ఎంతసేపు కొట్టుకుంది, పెదాలు ఎట్లా నీలమయ్యాయి, నువ్వొక్కదానివే ఏం చేశావు. డాక్టరు దగ్గరికి అతన్నే ఆటోలో తీసుకుపొమ్మను. ఆయన నోట విన్నది నీ నోట విన్నదానికంటే అతనికి బరువుగా ఉంటుంది, మన ఇళ్లల్లో అంతే మరి. ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చాకే అత్తమ్మ దగ్గర కూర్చోండి. ఆమె నాలుగు రోజులు అన్నం మానేస్తుంది, ఆడబిడ్డకు ఫోన్ చేస్తుంది. ఇంట్లోంచి పొమ్మనడం అంత తేలిక కాదు, కొడుకు నీ పక్కన నిలబడితే అసలే కాదు. మనసు మరీ కుంగినట్టుంటే 14416కు ఫోన్ చెయ్, టెలీ మానస్, ప్రభుత్వానిది, తెలుగులోనే మాట్లాడతారు, పైసలు పడవు.

మళ్లీ ఫిట్స్ వస్తే ఇంట్లో అందరికీ తెలిసి ఉండాల్సింది కొంచెమే. పక్కకు ఒత్తిగిల పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, టైము చూసుకోవాలి. చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ, చెప్పు, నోట్లో చెంచా, ఏవీ వద్దు. అయిదు నిమిషాలు దాటినా, తెలివి రాకముందే ఇంకోటి వచ్చినా 108.

ఇక సాక్ష్యం. స్టేజీ ఎక్కి గోలీల మాట దాచి చెప్పకు. నువ్వు అడిగిన మోసం అదొక్కటే, బియ్యం డబ్బాలో దాచింది కాదు. ఆదివారానికి ముందే, వీలైతే మామూలు రోజు సాయంత్రం, భర్తతో కలిసి అయ్యగారింటికి పో. పాస్టరమ్మ కూడా ఉన్నప్పుడైతే మేలు. జరిగిందంతా చెప్పు. తిట్టినట్టు కాదు, ‘అయ్యగారూ, సాక్ష్యంల అబద్ధం రావద్దని వచ్చినం’ అను. మంచి కాపరైతే సాక్ష్యం ఆపుతాడు, లేదంటే పూర్తి మాట చెప్పమంటాడు. ‘ప్రార్థన చేసిండ్రు, గోలీలు వాడుతున్నం, ఆరు నెలలాయె ఫిట్స్ రాలే, దేవునికి స్తోత్రం’, ఇందులో ఏ ముక్క తీసినా అబద్ధమే. అయితే పాప స్టేజీ మీద తన జబ్బు గురించి మాట్లాడాలా వద్దా అన్నది పాపే చెప్పాలి. పదిహేనేళ్ల పిల్ల, బడిలో తోటి పిల్లలు, రేపటి సంబంధాలు, తనకు తన లెక్కలుంటాయి. ఆయన గోలీల మాట ఎత్తొద్దంటే మాత్రం ఆ ఆదివారం నీకు జ్వరమొచ్చిందనుకో. పెద్ద పెద్ద కూడికల్లో రోగాలు పోగొడతామని ప్రచారం చేసేవాళ్ల మీద 1954 నాటి చట్టం ఒకటి ఉంది గానీ, మీ ఊరి అయ్యగారి మీద దాన్ని తియ్యమని నేను చెప్పను. ఆయన పొద్దున లేస్తే మీ ఇంటి ముందు నుంచే పోతాడు.

ఇంకో తల్లి ఉంది కదా, కొడుక్కు ఫిట్స్ ఉన్నావిడ. పాపకు చెప్పడానికి ఒక రాత్రి చూసుకో, అత్తమ్మకు నాలుగు రోజులు ఆగు, అయ్యగారికి వారం పట్టనీ. ఆమెకు మాత్రం ఈ పత్రిక కింద పెట్టగానే ఫోన్ చెయ్. ‘అక్కా, మా పాపకు గోలీలు ఆపలే, నేనే పెడుతున్న, నువ్వు ఆపకు’ అని చెప్పు.