జవాబు రానివాడి దగ్గర ఎన్ని సెకన్లు ఆగాలి?

చిరంజీవి అమ్మాయికి బాబాయి ఆశీస్సులు.

డీఎస్సీలో పోస్టు వచ్చింది, ఆరో తరగతి లెక్కలు నీకే ఇచ్చారు అన్నావు. సంతోషం. అందరు పిల్లలూ నేర్చుకోగలరని నమ్మాలని శిక్షణలో చెప్పే ఉంటారు. నమ్మడం మంచిదే. కానీ నీ మనసులో ఉన్న నమ్మకం పిల్లవాడికి కనబడదు కదా. అడిగాక ఎంతసేపు ఆగావు, ఎలాంటి ప్రశ్న అడిగావు, తప్పు చెబితే ఏం చేశావు, సుద్దముక్క ఎవరి చేతికిచ్చావు, ఇవీ వాడికి కనబడేవి. టీచరు అంచనా పిల్లవాడి దాకా చేరేది ఈ దారుల్లోనే. మనసు సంగతి తర్వాత, ముందు ఈ పనులు మార్చుకో.

టీచరు అంచనా మీద రోసెంతాల్, జేకబ్సన్‌లు చేసిన ప్రయోగం బీఈడీలో చదివే ఉంటావు. 1964లో అమెరికాలో సౌత్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక బడిలో పిల్లలకు పరీక్ష పెట్టి, సుమారు ఐదో వంతు మంది పేర్లు టీచర్లకిచ్చి "వీళ్లు ఈ ఏడు బాగా పైకొస్తారు" అన్నారు. ఆ పేర్లు నిజానికి చీటీలు తీసినట్టు తీసినవే. ఏడాది తర్వాత చూస్తే ఒకటి, రెండు తరగతుల్లో ఆ పిల్లలు తెలివితేటల పరీక్షలో ముందుకెళ్లారు. పై తరగతుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. 1968లో పుస్తకం వచ్చాక విమర్శలూ గట్టిగానే వచ్చాయి. కాబట్టి టీచరు అనుకుంటే చాలు, మొద్దు కూడా మేధావి అయిపోతాడనే ఉపన్యాసాలు వదిలెయ్. నీకు అక్కరకొచ్చేది 1984లో రౌడెన్‌బుష్ అనే పరిశోధకుడు అలాంటి 18 ప్రయోగాలను కలిపి చూసి తేల్చిన విషయం. టీచరుకు పిల్లలతో పరిచయమై రెండు వారాలు దాటితే, బయటివాళ్లు చెప్పే మాట దాదాపు పనిచేయదు. అంతకుముందు చెబితేనే పనిచేస్తుంది.

అందుకే మొదటి రెండు వారాలు కిందటేడాది మార్కుల రిజిస్టరు తెరవకు. స్టాఫ్‌రూమ్‌లో "వాడా, డల్లండీ, వాళ్లన్న కూడా అంతే" అంటారు. నవ్వి ఊరుకో. చూపు, వినికిడి, మూర్ఛ లాంటివి మాత్రం మొదటిరోజే అడిగి తెలుసుకో. అది అంచనా కాదు, అవసరం.

మొదటి వారంలోనే నువ్వే పది లెక్కల కాగితం ఒకటి పెట్టు. ఇరవై ఐదు నిమిషాలు చాలు. మార్కులు వేయకు, తప్పు ఏ రకమో రాసుకో. 502లోంచి 178 తీసేయమంటే 476 అని రాసేవాళ్లు నలుగురైనా తగులుతారు. చాలామంది టీచర్లు ఇంటూ పెట్టి "తీసివేత రాదు" అని రాసేస్తారు. ఇంకోసారి చూడు. 8లోంచి 2 తీస్తే 6, 7లోంచి సున్నా తీస్తే 7, 5లోంచి 1 తీస్తే 4. ఎప్పుడో చిన్న తరగతిలో "పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయాలి" అన్న మాట పట్టుకుని ప్రతి గడిలోనూ అదే చేశాడు. వాడికి తీసివేత వచ్చు, అప్పు తేవడం రాదు. "తీసివేత రాదు" అని రాసుకుంటే వాణ్ణి వదిలేస్తావు. "అప్పు తేవడం రాదు" అని రాసుకుంటే నాలుగు పీరియడ్లలో నేర్పేస్తావు.

ఇక ఆగడం సంగతి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు సైన్సు తరగతులు రికార్డు చేసి చూస్తే, ప్రశ్న అడిగాక టీచర్లు సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారు. అదీ బాగా చదువుతారనుకున్న వాళ్ల దగ్గర ఎక్కువసేపు, రారనుకున్న వాళ్ల దగ్గర తక్కువసేపు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడుగయ్యాయి, మాట్లాడనివాళ్లు మాట్లాడారు. ముందు ప్రశ్న అడుగు, మనసులో మూడు లెక్కపెట్టు, ఆ తర్వాతే పేరు పిలు. పేరు ముందు పిలిస్తే మిగతా ముప్పై తొమ్మిది మందీ హాయిగా కిటికీలోంచి చూస్తారు. జవాబు వచ్చాక కూడా వెంటనే "కరెక్ట్" అనకు, ఇంకో మూడు సెకన్లు ఆగు. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేక నువ్వే జవాబు చెప్పేస్తావు. ముందు బెంచీవాళ్లు అరుస్తారు కూడా. పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేసి, తీసిన వాళ్లనే అడుగు. తీసిన చీటీ మళ్లీ డబ్బాలోనే వెయ్యి, లేకపోతే ఒకసారి చెప్పినవాడు ఆ రోజుకి డ్యూటీ అయిపోయిందనుకుంటాడు.

తప్పు చెబితే "కూర్చో, నువ్వు చెప్పరా" అని పక్కవాడి దగ్గరికి వెళ్లకు. ఆ ఒక్క పనిలోనే "నీకు రాదులే" అన్నది వాడికి అర్థమైపోతుంది. రెండు మెట్లు సాయం చెయ్యి. "పదుల గడిలో ఏముంది?" సున్నా అంటాడు. "మరి అప్పు ఎవరిస్తారు?" వందలు. 5 కాస్తా 4 అయింది, పదుల గడిలో 10 వచ్చి అందులోంచి ఒకటి ఇచ్చాక 9, ఒకట్లలో 12. చివరి అంకె వాడి చేతే బోర్డు మీద రాయించు: 324. అప్పటికీ రాకపోతే వేరేవాళ్లు చెప్పాక మళ్లీ వాడిచేత చెప్పించు.

పొగడ్త దగ్గర జాగ్రత్త. రెండు రెళ్లు నాలుగు అన్నందుకు "అబ్బో, శభాష్!" అంటే, పన్నెండేళ్లవాడు తనని ఎంత తక్కువగా చూస్తున్నావో ఇట్టే పసిగడతాడు. తేలిక ప్రశ్నలు ఎప్పుడూ వాళ్లకే వెయ్యడమూ అంతే, అది జాలి.

కులం సంగతి కూడా చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లో హాఫ్, పాండే అనే పరిశోధకులు 6, 7 తరగతుల మగపిల్లలకు దారి కనుక్కునే పజిళ్లు ఇచ్చారు. కులం బయటికి చదవనప్పుడు అందరూ దాదాపు సమానంగా చేశారు. చదివేసరికి దళిత పిల్లలు వెనకబడ్డారు. ఇప్పుడు ఆలోచించు, స్కాలర్‌షిప్ ఫారాల కోసం "ఎస్సీ పిల్లలు లేవండి" అని తరగతిలో పిలిస్తే ఏమవుతుందో. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి తీసుకో, కాగితం పని ఎవరికీ వినబడక్కర్లేదు. పేపర్లు దిద్దేటప్పుడు పేరున్న మూల మడిచి, మొదటి ప్రశ్న అందరివీ దిద్దాకే రెండోదానికి వెళ్లు.

నెలకోసారి స్థాయి చూసి, రోజుకో గంట గుంపులుగా కూర్చోబెట్టి నేర్పడం తప్పేం కాదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ పద్ధతీ ఇలాంటిదే, ఫలితాలూ ఉన్నాయి. కాకపోతే ప్రతి పరీక్ష తర్వాత గుంపు మారాలి. జూన్‌లో సి గుంపులో చేరినవాడు మార్చిలోనూ అక్కడే ఉంటే, అది గుంపు కాదు, ముద్ర.

వారానికి ఒక పీరియడ్ ఫోన్‌లో రికార్డు చేసుకో. ఇంటికెళ్లి తరగతి కూర్చున్న పటం గీసి, ఎవరిని అడిగితే ఆ గడిలో గీత పెట్టు, "ఎందుకు?" అని అడిగితే సున్న చుట్టు. గీతలు ఎక్కువగా ముందు వరుసల్లోనే కుప్పపడతాయి. ఖాళీ గడుల్లోని పేర్లు డైరీలో రాసుకుని మర్నాడు పాఠం వాళ్ల దగ్గరే మొదలుపెట్టు. దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆ పటాలు పట్టుకురా, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో
బాబాయి