ముందు ప్లగ్గు చూడు, తర్వాత బండి చూద్దాం

సింధూ,

ఎలక్ట్రిక్ స్కూటర్ కొనాలని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. "రిజ్టా తీసుకోవాలా, విడా తీసుకోవాలా మామయ్యా, తేల్చి చెప్పు" అని పద్నాలుగు స్క్రీన్‌షాట్లు పంపావు. స్పీడు, స్క్రీన్ సైజు, రంగులు, ఎవరో కుర్రాడు అరుస్తూ తీసిన వీడియో, అన్నీ ఉన్నాయి. నాకు కావలసిన ఒక్క ఫొటో లేదు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నీ పార్కింగ్ దగ్గర గోడ ఫొటో. అక్కడ ప్లగ్గు ఉందా లేదా?

ముప్పై రెండేళ్లు కరెంటు ఆఫీసులో పనిచేసినవాడికి ప్లగ్గు తప్ప ఇంకేం కనపడుతుందిలే అనుకుంటావేమో. అనుకో. కానీ నువ్వు ఎంచుకున్న రెండు బండ్లకీ అసలు తేడా అక్కడే ఉంది. ఏథర్ రిజ్టాలో బ్యాటరీ బండికే బిగించి ఉంటుంది, బండి ఎక్కడుంటే అక్కడికి కరెంటు రావాలి. హీరో వాళ్ల విడాలో బ్యాటరీని బయటికి తీసి ఇంట్లోకి తెచ్చుకోవచ్చు. మిగతావన్నీ, ఆ పాట వినిపించడాలూ మ్యాప్ చూపించడాలూ, నెల రోజుల తర్వాత నీకు గుర్తు కూడా ఉండవు.

బ్యాటరీ తీసుకెళ్లొచ్చు కదా, అయితే విడానే మేలు కదా అంటావు. నేనూ మొదట అలాగే అనుకుని షోరూమ్‌కి వెళ్లి ఆ బ్యాటరీని తీసి చేత్తో పట్టుకు చూశాను. పది కిలోలకి తక్కువ ఉండదు. ప్లస్ మోడల్‌లో అలాంటివి రెండు. నువ్వుండేది మూడో అంతస్తు, మీ లిఫ్టు నెలలో సగం రోజులు పనిచేయదని అక్కే చెప్పింది. ఒక భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు, ఒక చేతిలో హెల్మెట్, ఇంకో చేతిలో బ్యాటరీ, రాత్రి తొమ్మిదిన్నరకి ఆఫీసు నుంచి వచ్చి రెండు ట్రిప్పులు మెట్లెక్కి దిగడం ఒక వారం బాగానే ఉంటుంది. ఆ తర్వాత "ఇవాళ్టికి చాలుతుందిలే" అని కిందే వదిలేస్తావు, పొద్దున హైదరాబాద్ ట్రాఫిక్‌లో బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర ఛార్జింగ్ గుర్తు ఎర్రబడితే నాకు ఫోన్ చేస్తావు.

ఇంకో సంగతి కూడా ఉంది, భయపెట్టడానికి కాదు, తెలిసి ఉండాలని. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఒక ఇంట్లో, కొద్ది రోజులకే విజయవాడలో ఇంకో ఇంట్లో, ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు పోయారు. ఒకచోట హాల్లో పెట్టారు, ఇంకోచోట పడకగదిలో. రెండూ బండి నుంచి తీసి ఇంట్లోకి తెచ్చినవే. అదే ఏడాది సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ బండ్ల షోరూమ్‌లో మంటలు లేస్తే పైనున్న లాడ్జిలో ఎనిమిది మంది పోయారు. ఆ తర్వాతే బ్యాటరీ రూల్స్ గట్టిగా బిగించారు. ఏఐఎస్-156 అనే ప్రమాణంలో సవరణలు తెచ్చి 2022 డిసెంబరు నుంచి ఒక విడత, 2023 మార్చి ఆఖరు నుంచి రెండో విడత అమలు చేశారు. ఇప్పుడు నువ్వు కొనే ఏ పేరున్న కంపెనీ బండైనా ఆ పరీక్షలు దాటి వచ్చిందే, కాబట్టి అంత టెన్షన్ అక్కర్లేదు. అయినా సరే, తీసుకెళ్లే బ్యాటరీ కొంటే దాన్ని తలుపు పక్కన పెట్టకు, ఎందుకంటే ఏదైనా అయితే నువ్వు బయటికి పరిగెత్తాల్సింది ఆ తలుపు గుండానే. పరుపు దగ్గర అసలే వద్దు. బాల్కనీలో, వాన జల్లు పడని చోట, మెలకువగా ఉన్నప్పుడు పెట్టుకో. ఎండలో నడిపి వచ్చిన వెంటనే కూడా ఛార్జింగ్ పెట్టకు, ఓ అరగంట చల్లారనివ్వు.

ఇప్పుడు గోడ సంగతి. మూడో అంతస్తు నుంచి సెల్లార్‌కి వైరు వేలాడదీయాలేమో అని జనం భయపడతారు. అక్కర్లేదు. మీ బిల్డింగులో మీటర్ల బోర్డు ఎక్కడుంది? చాలా అపార్ట్‌మెంట్లలో లాగే కిందే ఉంటుంది. మీ ఫ్లాటు మీటరు దాటాక వెళ్లే లైను నుంచి లోడు ఎక్కువైతే పడిపోయే ఎంసీబీ ఒకటి, షాక్ కొడితే టక్కున పడిపోయే ఆర్‌సీసీబీ ఒకటి పెట్టి, అక్కడి నుంచి పైపులో వైరు నీ పార్కింగ్ దాకా తీసుకెళ్తే చాలు. బిల్లు మీ మీటర్‌లోనే పడుతుంది, అసోసియేషన్ వాళ్లు "మా కామన్ కరెంటు వాడుతోంది" అనడానికి వీలుండదు. దూరం తక్కువైతే 2.5 స్క్వేర్ మిల్లీమీటర్ల రాగి వైరు, ఎక్కువైతే 4 స్క్వేర్. పదహారు ఆంపుల సాకెట్, మంచి కంపెనీది, మూత ఉన్నది. ఓనర్‌ని నోటితో అడిగి ఊరుకోకు, వాట్సాప్‌లో పెట్టించుకో. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఆ పాయింటు ఆయనకే వదిలేస్తానని చెప్పు, ఒప్పుకుంటాడు. ఓనర్లకి ఉచితంగా వచ్చేది ఎప్పుడూ ఇష్టమే.

సాకెట్ గురించి ఎందుకింత గొడవ చేస్తున్నానంటే, నా ఇంట్లోనే జరిగింది. ఇంత సర్వీసు చేసినవాణ్ణి, నా వాకిట్లో పాత సాకెట్‌కే పెట్టేవాణ్ణి. ఒకరోజు తెల్లవారుజామున ప్లగ్గు తీస్తుంటే వేడిగా తగిలింది. చూస్తే మూడు పిన్నుల్లో ఒకటి టీ రంగులోకి మారి ఉంది, సాకెట్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ కొద్దిగా కరిగి నోరు వంకర పోయింది, చేపలు కాలినట్టు ఒక వాసన. లోపల స్క్రూ వదులైంది, అంతే. ఛార్జర్ పెద్దగా ఏం లాగదు, ఇస్త్రీ పెట్టె కన్నా ఎక్కువుండదు, కానీ ఇస్త్రీ పెట్టె పావుగంట వాడతాం, ఇది గంటల తరబడి లాగుతూనే ఉంటుంది. అందుకని మొదటి వారం రోజూ ఓ గంట తర్వాత ప్లగ్గు మీద చెయ్యి పెట్టి చూడు. గోరువెచ్చగా ఉంటే సరే, చెయ్యి తీసేయాలనిపిస్తే ఎలక్ట్రీషియన్‌ని పిలువు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మాట నా దగ్గర ఎత్తకు.

ఇక కిలోమీటర్లు. నిజాంపేట నుంచి నానక్‌రామ్‌గూడ వెళ్లి రావడానికి నీకు నలభై దాకా. రిజ్టాలో 2.9 యూనిట్ల (కిలోవాట్ అవర్ల) బ్యాటరీని ఒకసారి నింపితే కంపెనీ చెప్పే ఐడీసీ లెక్క, అంటే ప్రామాణిక పరీక్షలో తేలిన దూరం, 123 కిలోమీటర్లు. ఆ లెక్క పరీక్ష గదిలోది. జేఎన్‌టీయూ సిగ్నల్ దగ్గర ఆగుతూ, ఆటోల్ని తప్పించుకుంటూ, ఫ్లైఓవర్లెక్కుతూ వెళ్తే అందులో నాలుగో వంతు తీసేసి చూసుకో. తొంభై అనుకుందాం. అంటే రోజు విడిచి రోజు ఛార్జింగ్. నీకు 3.7 బ్యాటరీ అక్కర్లేదు. "ఎప్పుడైనా సంగారెడ్డి అమ్మమ్మ దగ్గరికి వెళ్లాలంటే" అన్నావు. తల్లీ, నువ్వు అమ్మమ్మ దగ్గరికి పోయిన ఏడాది రెండుసార్లు వెళ్లావు, రెండుసార్లూ బస్సులోనే. విడాలో అయితే గో 2.2 అని చిన్నది ఒక్క బ్యాటరీతో వస్తుంది, దాని ఐడీసీ లెక్క 92. నలభై కిలోమీటర్లకి అదీ సరిపోతుంది, కానీ రోజూ తప్పకుండా ఛార్జింగ్ పెట్టాలి, రెండేళ్లకి బ్యాటరీ కాస్త తగ్గాక ఇంకా ఇరుకు. మోసే ఓపిక ఉంటేనే ప్లస్.

డబ్బు లెక్క కూడా చూద్దాం. నెలకి వెయ్యి కిలోమీటర్లు. పెట్రోలు లీటరు నూటేడు వేసుకుని, స్కూటీ నలభై అయిదు ఇస్తుందనుకుంటే రెండు వేల మూడొందల పైన. కరెంటైతే నలభై యూనిట్లకి అటూ ఇటూ, యూనిట్ ఎనిమిది వేసుకున్నా మూడొందల ఇరవై. ఒక్క మెలిక ఉంది. మీ మీటరుకి గృహజ్యోతి కింద సున్నా బిల్లు వస్తుంటే జాగ్రత్త. రెండొందల యూనిట్లు దాటితే దాటిన వాటికే కాదు, మొత్తం బిల్లూ కట్టాలి. ఇప్పుడు నూట డెబ్బై కాలుతుంటే ఈ నలభై కలిసి గీత దాటించేస్తుంది. పోయిన ఏడాది వేసవి బిల్లులు తీసి చూసుకో.

బ్యాటరీ లేకుండా బండి చవగ్గా ఇచ్చి, కిలోమీటరుకి రూపాయి చొప్పున తీసుకునే స్కీము ఇద్దరి దగ్గరా ఉంది. షోరూమ్ కుర్రాళ్లు ముందు అదే చూపిస్తారు. తక్కువ తిరిగేవాళ్లకి, నా బోటి రిటైరైనవాళ్లకి అది బాగానే ఉంటుంది. నీకు నెలకి వెయ్యి రూపాయలు దాకా అద్దె, పైన కరెంటు. పెట్రోల్ మీద మిగిలేదాంట్లో సగం వాళ్ల చేతిలో పెట్టినట్టే. వద్దు.

కొటేషన్ తీసుకున్నాక ఒక్కో గీత నాకు పంపు. తెలంగాణలో 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్ ట్యాక్సూ లేదు, రిజిస్ట్రేషన్ ఫీజూ లేదు. ఆ గడువులోగా కొంటూ కూడా ఆ పేర్లతో పెద్ద అంకె కనిపిస్తే ఎందుకని అడుగు. ఛార్జర్‌కి విడిగా వేస్తే కూడా అడుగు, 2023లో అలా విడిగా వసూలు చేసిన కంపెనీలు కొన్నవాళ్లకి తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. హ్యాండ్లింగ్ అని ఒకటి రాస్తారు, అది వాళ్ల చాయ్ ఖర్చు. ఏథర్ వాళ్ల దగ్గర విడిగా కట్టే వారంటీ ఒకటుంది, ఎనిమిదేళ్లు లేదా 80,000 కిలోమీటర్లు, బ్యాటరీ సామర్థ్యం డెబ్బై శాతం కన్నా కిందికి పడిపోతే వాళ్లదే బాధ్యత. ఫ్యాన్సీ ఫీచర్ల ప్యాకులు ఏవి వదిలేసినా అది మాత్రం తీసుకో.

సర్వీస్ మాట మరిచిపోయేవాణ్ణి. నా మొదటి ఎలక్ట్రిక్ బండి గుర్తుందా, ఆ ఆకుపచ్చది? లైసెన్సూ అక్కర్లేదు, నంబరు ప్లేటూ అక్కర్లేదు, గంటకి పాతిక కిలోమీటర్లు దాటదు, మీ అత్తయ్య కూరగాయలకి నడుపుకుంటుందని తెచ్చాను. పద్నాలుగు నెలలకి బ్యాటరీలు చచ్చాయి. వారంటీ కార్డు పట్టుకుని వెళ్తే ఆ షాపు ఉన్నచోట పరుపులు అమ్ముతున్నారు. ఫోన్ చేస్తే ఎవరో హిందీలో రాంగ్ నంబర్ అన్నాడు. ఇప్పటికీ ఆ బండి మీద మీ అత్తయ్య వడియాలు ఆరబెడుతుంది. అందుకని ఈ రెండు బండ్ల సర్వీస్ సెంటర్లకీ ఒక శనివారం మధ్యాహ్నం వెళ్లు. సేల్స్ వాళ్లతో కాదు, బయట కుర్చీల్లో విసుగ్గా కూర్చున్నవాళ్లతో మాట్లాడు. ఎన్ని రోజులైంది, ఏ పార్టు కోసం ఆగింది, ఫోన్ ఎత్తుతున్నారా. నీ స్క్రీన్‌షాట్లలో లేనిదంతా వాళ్లే చెప్తారు.

టెస్ట్ రైడ్ షోరూమ్ ముందు గుండ్రంగా తిప్పడం కాదు. వెనక అక్కని కూర్చోబెట్టుకుని వెళ్లు. రిజ్టా సీటు పొడుగు, ఇద్దరికి సుఖంగా ఉంటుంది, సీటు కింద 34 లీటర్ల చోటు, నీ బ్యాగూ టిఫిన్ బాక్సూ పడతాయి. బండి 119 కిలోలు. సెంటర్ స్టాండ్ వేసి చూడు, మీ సెల్లార్ వాలు మీద వెనక్కి లాగి చూడు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రెండు కాళ్లూ నేల మీద పూర్తిగా ఆనాలి.

వానాకాలం మాట ఒక్కటే. బ్యాటరీలోకి నీళ్లు పోవు అని ఎవరు చెప్పినా, లింగంపల్లి రైల్వే బ్రిడ్జి కింద నీళ్లు నిలిచినప్పుడు ఆ నీళ్లలోకి దిగకు. పక్కకి ఆపి టీ తాగు.

అయితే ఏది కొనాలి అంటావా? ఓనర్ ఒప్పుకుంటే రిజ్టా 2.9. కాదంటే విడా ప్లస్, ఆ లిఫ్టు బాగు చేయించమని అసోసియేషన్‌లో గొడవ పెట్టుకోవడానికి నువ్వు సిద్ధమైతేనే. రెండూ కుదరకపోతే ఇల్లు మారేదాకా మెట్రోలో వెళ్లు, తొందరేం లేదు.

ఆదివారం పొద్దున తొమ్మిదింటికి వస్తాను. సెల్లార్‌లో ఎర్తింగ్ చూడాలి. నా దగ్గర పాత టెస్ట్ ల్యాంపు ఉంది, ఫేజుకీ న్యూట్రల్‌కీ పెడితే ఎంత వెలుగుతుందో, ఫేజుకీ ఎర్తుకీ పెట్టినా అంతే వెలగాలి. గుడ్డి దీపంలా వెలిగితే ముందు ఎర్త్ పిట్ పని చేయించాలి. నువ్వు చూసి నేర్చుకో గానీ చేయి పెట్టకు. ఈలోపు ఓనర్‌తో మాట్లాడి ఉంచు, మీటర్ల బోర్డు తాళం వాచ్‌మన్ దగ్గరే ఉంటుంది, అడిగి పెట్టు. అక్కతో టిఫిన్ పెసరట్టు చేయమని చెప్పు, ఉప్మా వద్దు.

మీ మామయ్య